మబ్బులో బెల్టు కూత

ఎనభైల చివరి వర్షాకాలం అది. బైలదిల్లా కొండల కింద, బచేలిలో, గనుల పనులకు వాహనాలు సమకూర్చే ఒక కాంట్రాక్టు సంస్థ వర్క్‌షాపులో నేను లైట్ వెహికల్ సెక్షన్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. డంపర్లు, షవల్స్ వంటి పెద్ద యంత్రాలు మా పరిధిలోకి రావు. జీపులు, అంబాసిడర్ కార్లు, ఒకటి రెండు వ్యాన్లు, ఇవే మావి. బండి మీద పని చేసేది ఫిట్టరు. ఆ పనిని చూసేది చార్జ్‌మన్. ఆఖరున జాబ్ కార్డు మీద సంతకం పెట్టి బండిని బయటికి వదిలేది ఫోర్‌మన్. ఆ సంతకం పడ్డాక బండిలో ఏ లోపం మిగిలినా అది ఫోర్‌మన్ లెక్కలోకే వస్తుంది.

వానలు మొదలైతే అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు. కొండ దిగి వచ్చి క్వార్టర్ల మధ్య తిరుగుతుంది. పొద్దున షెడ్డు తలుపులు తీయగానే లోపలికి వచ్చి బండ్ల మధ్య నిలబడేది. మనిషి కనబడకముందే అతని దగ్గు వినబడేది. కాలువల్లో నీళ్ళు ఇనుపరాయి పొడితో ఎర్రగా పారుతుంటే, ఊరంతా నిద్రలో మాట్లాడుతున్నట్టుండేది. తెనాలి నుంచి వెళ్ళిన నాకు మొదటి ఏడు అదంతా కల కంటున్నట్టే గడిచింది. తరువాత అలవాటైంది గాని, పూర్తిగా మెలకువ వచ్చిందని ఇప్పటికీ చెప్పలేను.

మా బండ్లలో తెల్ల అంబాసిడర్ ఒకటి, ఆఫీసర్లను ఘాట్ రోడ్డు మీదుగా పైన గనికి తీసుకెళ్ళి తెచ్చేది. దాని డ్రైవరు కొమరయ్య. మద్దేడ్ దగ్గరి పల్లె అతనిది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, తక్కువ మాటల మనిషి. తెలుగు, హిందీ, దోర్లీ, హల్బీ నాలుగూ వచ్చు గాని, నాలుగింటిలోనూ ముక్తసరిగానే మాట్లాడేవాడు. బండిని మాత్రం అద్దంలా ఉంచేవాడు.

ఆ ఏడు జూన్ మొదలు ఆ కారు మీద ఒకటే ఫిర్యాదు: బెల్టు కూస్తోంది. ఇంజను ముందు భాగంలో ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే అది రేడియేటరు ఫ్యానును, నీళ్ళ పంపును, బ్యాటరీకి కరెంటు అందించే డైనమోను తిప్పుతుంది. పుల్లీ గాడిలో పట్టు తప్పి జారినప్పుడు అది సన్నగా, చెవిలో సూది దించినట్టు కూస్తుంది. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా మా ఫిట్టరు బెల్టు బిగించేవాడు. కూత ఆగేది. వారానికి మళ్ళీ మొదలయ్యేది. రెండు నెలల్లో మూడు బెల్టులు మార్చాం. ప్రతిసారీ సంతకం నాదే. ఆ ఫిర్యాదుల్లో ఒక్కటీ కొమరయ్య రాయించినది కాదని నేను గమనించలేదు. అన్నీ కారెక్కిన ఆఫీసర్లు రాసినవే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఘాట్ దిగుతుండగా బెల్టు తెగింది. కారులో కొత్తగా వచ్చిన సర్వే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. ఫ్యాను, పంపు ఆగిపోయాయి, నీళ్ళు మరిగాయి. వేడి చూపే మీటరు ముల్లు చూసి కొమరయ్య మలుపు దగ్గర కారు ఆపాడు. సగం రోడ్డు మీదే ఆపాల్సి వచ్చింది, పక్కన లోయ. బానెట్ ఎత్తి వంగి చూస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి మబ్బులో ఒక టిప్పరు దిగింది. హారన్ మీద హారన్ కొట్టింది. ఆఫీసరు కారులోంచి దూకి అరిచాడు. కొమరయ్య కదలలేదు, తల ఎత్తలేదు. టిప్పరు అతనికి బారెడు దూరంలో ఆగింది.

మరునాడు మేనేజరు నన్ను పిలిపించాడు. ఆయనది రాయపూర్ వైపు, మాటలన్నీ హిందీలోనే. కొమరయ్యకు మెమో ఇచ్చామని, ఇప్పసారా తాగి ఉంటాడని అనుమానమని, బెల్టు తెగడం బండి లోపమో డ్రైవరు నిర్లక్ష్యమో శనివారం లోగా సాంకేతిక నివేదిక ఇవ్వమని చెప్పాడు. నిర్లక్ష్యమని తేలితే పనిలోంచి తీసేస్తారు. సర్వే ఆఫీసరు అక్కడే కూర్చుని ఉన్నాడు. దారంతా కూత వినబడలేదా అని ఆయన్ను అడిగాను. వినబడిందని, అయితే ఆ మబ్బులో ఏదో అడవిపిట్ట కారు వెంట వస్తున్నదనుకున్నానని, దాన్ని వింటూ కునుకు తీశానని ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు.

కారును లాగి తెప్పించి పని నేనే మొదలుపెట్టాను. తెగిన బెల్టు అంచులు గాజులా నునుపెక్కి, కాలిన వాసన వేస్తున్నాయి. చాలాకాలం జారిందన్నమాట. కొత్త బెల్టు వేసి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కాను. అర అంగుళం దిగింది. అంటే బిగువు సరిగానే ఉంది. ఇంజను స్టార్ట్ చేయించాను. కొంతసేపటికి, వేడెక్కగానే, కూత మొదలైంది. అప్పుడు తిరుగుతున్న బెల్టు లోపలి వైపు కాసిన్ని నీళ్ళు చల్లాను. ఇది పాత పరీక్ష. నీళ్ళు పడగానే కూత పెరిగితే బెల్టు వదులు. ఆగిపోయి, తడి ఆరగానే మళ్ళీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు.

కూత ఆగింది. షెడ్డు నిశ్శబ్దమైంది. బయట వాన రేకుల మీద ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు పడుతోంది. మళ్ళీ కూత లేచింది, ముందుకంటే గట్టిగా. రెండు బండ్ల అవతల పనిచేస్తున్న ఫిట్టర్లు కూడా తలలు తిప్పారు.

కొమరయ్య నా పక్కనే, బానెట్ అంచు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఇంజను వైపు చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు.

"ఆగిందా సార్?" అని అడిగాడు.

ఆ కూత మా ఇద్దరి మధ్య అరుస్తూనే ఉంది. ఇంజను ఆపించి, ఫిట్టర్లను టీకి పంపించాను.

స్టీలు స్కేలు తెచ్చి పుల్లీల మొహాల మీద ఆనించి చూశాను. డైనమో పుల్లీ గోరు మందం ముందుకు వచ్చి ఉంది. డైనమో విప్పాను. అది ఇంజనుకు కూర్చునే చోట, ఉండకూడని ఒక వాషరు ఉంది. మే నెలలో డైనమో మరమ్మతు చేసినప్పుడు మా ఫిట్టరు బోల్టు లూజుగా ఉందని వేసి ఉంటాడు. ఆ నెల జాబ్ కార్డు తీశాను. కింద నా సంతకం ఉంది. ఆ వాషరు వల్ల బెల్టు రోజూ వంకరగా నడిచి అరిగింది. మేమేమో దాన్ని బిగించి, బిగించి, తెగే దాకా తెచ్చాం.

వాషరు తీసేసి, వరుస సరిచేసి, కొమరయ్యను కారెక్కించుకుని నేనే ఘాట్ మీదికి నడిపాను. కూత లేదు. టిప్పరు ఆగిన మలుపు దగ్గర కారు ఆపి ఇద్దరం దిగాం. కింద ఊరు లేదు, లోయ లేదు, అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఎక్కడో నీళ్ళు పారుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి కొమరయ్య గారూ?" అని అడిగాను.

దేని గురించి అని అతను అడగలేదు.

"డ్రైవరీకి రాకముందు ఆరేండ్లు రాతిక్వారీల డ్రిల్లు పట్టిన సార్. అప్పటిసంది జర జర తగ్గుకుంట వచ్చినట్టున్నది. మాట ఇనవడ్తది, ఇంజన్ ఇనవడ్తది. సన్నటివి రావు." ఆగి, మళ్ళీ అన్నాడు. "మా ఊర్ల పొద్దుగాల పిట్టలు మస్తు కూస్తుండె. అడివి కొట్టిండ్రు గద, పిట్టలు ఎల్లిపోయినయనుకున్న. నా చెవులే పోయినయని ఎవలు చెప్పిండ్రు సార్?"

ఆ క్షణంలోనే, దగ్గర్లోని చెట్ల మీద పిట్టలు కూస్తున్నాయి. ఆ మాట నేను అతనికి చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నిన్న టిప్పరు హారన్?"

"దగ్గరికొస్తే భూమి అదిరింది. అప్పుడు తెలిసింది. కాళ్ళకు తెలిసింది, చెవులకు కాదు. ఏం జేస్తరు సార్, రాస్తరా?"

రాయక తప్పదన్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "నేనేం తాగలే సార్. బండిని ఎన్నడన్న కొట్టిన్నా? ఇద్దరు ఆడపిల్లలు సార్ నాకు. డ్రైవరీ దప్ప ఏందొస్తది నాకు? బెల్టు సంగతి రాయుండ్రి, చెవుల సంగతి ఇడిసిపెట్టుండ్రి."

అలా రాయడం నాకు తేలికే. వాషరు ఒక్కటీ రాస్తే కొమరయ్య బయటపడతాడు. చెవుల సంగతి ఒక్కటీ రాస్తే నేను బయటపడతాను. రెండోది మరీ తేలికని మేనేజరు మాటల్లో తెలిసింది. మరునాడు నోటిమాటగా విషయం చెప్పగానే, వాషరు సంగతి అంత వివరంగా అక్కర్లేదని, చెవిటివాడికి బండి ఇవ్వడమే అసలు కారణమని, అలా రాస్తే పని ముగిసిపోతుందని ఆయన అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. నేను చార్జ్‌మన్‌గా ఉన్నప్పటి నుంచి నన్ను పైకి తెచ్చింది ఆయనే.

శుక్రవారం సాయంత్రం క్వార్టరు వరండాలో కూర్చుని నివేదిక రాశాను. మబ్బు కాగితం మీదికి కూడా వచ్చి సిరా ఆరనివ్వలేదు. అందులో మూడు అంశాలున్నాయి. బెల్టు తెగడానికి కారణం మా వర్క్‌షాపులో అదనంగా వేసిన వాషరు, జాబ్ కార్డు మీద సంతకం నాది. డ్రైవరు తాగినట్టు ఆధారం లేదు, ముల్లు చూసి వెంటనే ఆపడం వల్ల ఇంజను దక్కింది. డ్రైవరుకు సన్నటి శబ్దాలు, దూరపు హారన్ వినబడటం లేదు, కనుక చెవి పరీక్ష జరిగే దాకా ఘాట్ డ్యూటీ ఇవ్వరాదు. చివర, ఇతనికి వర్క్‌షాపులోనే పని ఇవ్వాలని సిఫారసు చేశాను. పంపే ముందు దాన్ని కొమరయ్యకు చదివి వినిపించాను. ఎదురుగా కూర్చుని నా పెదవులు చూస్తూ విన్నాడు. అయ్యాక లేచి వెళ్ళిపోయాడు.

పరీక్షలో నేను రాసినదే తేలింది. అతని డ్రైవరు పని ఆగింది, ఉద్యోగం పోలేదు. మా సెక్షన్‌లోనే గ్రీజు పనికి మార్చారు. నాకు మందలింపు ఉత్తరం వచ్చింది, ఆ ఏడు రావలసిన పదోన్నతి రాలేదు. మేనేజరు చాలాకాలం నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

కొమరయ్య కూడా అంతే. దసరా దాటే దాకా అతను నన్ను తప్పించుకు తిరిగాడు. ఒక పొద్దున, షెడ్డులో పొగమంచు ఇంకా కదలకముందు, నేను ఒక జీపుకు సంతకం పెట్టబోతుంటే వచ్చి నిలబడ్డాడు. ఇంజను నడుస్తోంది. వంగి, ఫ్యానుకు దూరంగా, నీళ్ళ పంపు ఒంటి మీద రెండు వేళ్ళు ఆనించాడు.

"ఇది ఎక్కువ రోజులు నడవది సార్. లోపల వణుకుతున్నది. సంతకం ఆపుండ్రి."

నేను పొడుగు స్క్రూడ్రైవరు పంపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు. అయినా విప్పించాను. బేరింగులో ఒక గుండు పగిలి ఉంది. ఆ తరువాత నేను అక్కడ పనిచేసినంత కాలం, బెల్టు తిప్పే బేరింగులన్నిటినీ అతని వేళ్ళు చూశాకే బండ్లు బయటికి వెళ్ళేవి. నా చెవులు చూసుకోమని కూడా అతనే ఒకసారి పరీక్షకు పంపించాడు. అవి బాగానే ఉన్నాయి.

వృత్తి గురించి అడిగే కుర్ర ఇంజనీర్లకు నేను ఈ సంగతి చెప్పేది రెండు కారణాలకు. బెల్టు కూస్తే ముందు పుల్లీల వరుస చూడాలి. వరుస చూడకుండా బిగించడం లోపాన్ని తీయదు, దాన్ని కొన్నాళ్ళు వినబడకుండా చేస్తుంది. రెండోది, నడిపేవాడు ఫిర్యాదు చేయలేదన్నది బండి బాగుందనడానికి రుజువు కాదు. అతను ఎందుకు చేయలేదో అడగాలి. నేను ఆ ప్రశ్నను జూన్‌లో అడగవలసింది, ఆగస్టులో అడిగాను.