తిరగేసి చూసిన రెండు యూనివర్సిటీలు

మా పాప ఏ యూనివర్సిటీలో చేరాలో తేల్చింది నేనే. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి అంత పెద్ద విషయం ఎలా తేల్చిందని మా వీధిలో ఇప్పటికీ అడుగుతుంటారు. అడిగిన ప్రతివాళ్ళకూ ఒక్కో ముక్క చెప్పడం కంటే ఒకసారి కాగితం మీద పెడితే మేలనిపించింది. ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదలు. జరిగింది మాత్రం బాగా గుర్తుంది.

మాది కర్ణాటకలోని కేజీఎఫ్, కోలార్ బంగారు గనుల ఊరు. మా మామ గనిలో పనిచేసిన మనిషి. గని మూసేశాక మా ఇళ్ళలో సగం మంది చీకటితోనే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్ళు. నేనూ అంతే. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ పని నాది. కుట్టిన చొక్కా నా టేబుల్ మీదికి వస్తుంది. నేను ముందు దాన్ని తిరగేస్తాను. పైపైన అందరూ బాగానే కుడతారు. లోపల కుట్టు ఎలా ఉంది, దారం ఎక్కడ వేలాడుతోంది, మరక ఎక్కడ పడింది, అదీ చూడాల్సింది. తప్పు కనిపించిన చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అంటిస్తాను. బాణం పడిన చొక్కా వెనక్కి పోవాల్సిందే. నేను పాస్ చేసిన చొక్కాను ఎవరూ తిప్పి పంపరని మా సూపర్‌వైజర్ అందరి ముందూ చెప్పేవాడు. ఆ మాట నాకు చాలా ఇష్టం.

ఆ స్టిక్కర్ల షీటు ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉండేది. పాప చిన్నప్పుడు, తాత కునుకు తీస్తుంటే ఆయన బట్టతల మీద బాణం అంటించి, "అమ్మా, ఈ పీసు రిజెక్ట్!" అని పరిగెత్తేది.

ఆ పాప పీయూసీ, అంటే ఇంటర్, బాగా పాసైంది. కెమిస్ట్రీ అంటే దానికి ప్రాణం. త్రోబాల్ అన్నా అంతే, జిల్లా జట్టులో ఆడింది. ఈ రెండూ లేని చోట నేనుండలేనని ముందే చెప్పింది. రెండు యూనివర్సిటీల్లో బీఎస్సీ సీటు వచ్చింది. ఒకటి ఊరి బయట కొత్తగా కట్టింది, ఇంకొకటి సిటీలో పాతది. రెండిట్లోనూ హాస్టల్ ఉంది. సోమవారంలోగా ఏదో ఒకచోట సంతకం పెట్టాలి. పెట్టాక మూడేళ్ళు అక్కడే. మార్చుకోవడానికి లేదు.

మా ఆయనకు మాలూరు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. "నాకు గేటు చూస్తే గేటే కనపడ్తాది. నీకైతే లోపల కుట్టు కనపడ్తాది. నువ్వే పొయ్యి చూసి రా" అన్నాడు. శనివారం నేనూ పాపా బయల్దేరాం.

ముందు కొత్తదానికి పోయాం. గేటు దగ్గర్నుంచి రెండు పక్కలా పూలమొక్కలు. నేల అద్దంలా ఉంది. ఆఫీసులో పనిచేసే అమ్మాయి మాకు మంచినీళ్ళిచ్చి, "కట్టి ఆరేళ్ళయింది, నిన్న కట్టినట్టే ఉంది చూడండి" అంటూ తనే తిప్పి చూపించింది. నేను ఊరికే తలూపలేదు. ముందు బాత్రూములు చూపించమన్నాను. వెనకవైపు వంటగది చూశాను. లాబ్‌లో సీసాలు వరసగా, బల్లలు తెల్లగా ఉన్నాయి. లైబ్రరీలో ఒక పుస్తకం తీసి తిరగేశాను. వెనక అట్టకు తారీఖు ముద్ర వేసే చీటీ అంటించి ఉంది. తెల్లగా, ఒక్క మచ్చ లేదు. ఇంకో రెండు తీశాను, అవీ అంతే. త్రోబాల్ కోర్టులో నెట్టు బిగుతుగా కట్టి ఉంది, దాని కింద పచ్చగడ్డి. వెతికి వెతికి చూసినా ఒక్క బాణం అంటించే చోటు దొరకలేదు.

మధ్యాహ్నం పాతదానికి పోయాం. గోడలు పెచ్చులూడుతున్నాయి. హాస్టల్లో గదికి నాలుగు మంచాలు. సాంబారులో పప్పు కోసం వెతుక్కోవాలి. ఒక బాత్రూముకు గడియ ఊడిపోయి ఉంది. లాబ్ బల్లల నిండా కాలిన మచ్చలు, యాసిడ్ మరకలు. లైబ్రరీలో పాప ఒక కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది. నేను దాన్ని లాక్కుని తిరగేశాను. అట్ట వేలాడుతోంది. దారం బయటికి వచ్చి ఉంది. వెనక చీటీ నిండా ఊదారంగు ముద్రలు. ఆ చీటీ కింద ఇంకో చీటీ, దాని కింద ఇంకోటి.

బయట కోర్టులో అమ్మాయిలు ఆడుతున్నారు. నెట్టుకు రెండు చోట్ల ముడి వేశారు. నెట్టు కింద గడ్డి పోయి బోడి నేల కనిపిస్తోంది. బంతి ఒకటి మావైపు వస్తే పాప ఎగిరి పట్టి వెనక్కి విసిరింది. అవతలి అమ్మాయి ఏదో అరిచింది, పాప నవ్వింది. "టైమవుతోంది, రా" అని నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

గేటు దాటగానే సంచిలోంచి షీటు తీసి, పాత యూనివర్సిటీ వాళ్ళు సీటిచ్చిన కాగితం మీద ఎర్ర బాణం అంటించేశాను.

రైల్లో మా ఫ్యాక్టరీ టైలర్ ఒకామె మా పక్కనే కూర్చుంది. పాప మొహం చూసి ఏమైందని అడిగింది.

"ఏం లేదక్కా. మా యమ్మ యూనివర్సిటీని రిజెక్ట్ చేసింది."

"ఇంగంతే పాపా! నేను కుట్టిన కాలర్లనే వదల్లేదు మీ యమ్మ. యూనివర్సిటీని వదుల్తాదా?"

పాప నవ్వలేదు. "అమ్మా, పుస్తకం చదివితే నలగదా? ఆ ముద్రలు మరకలు కావుమా. ఒక్కో ముద్రకు ఒక్కోరు ఇంటికి తీస్కపొయ్యి చదివినారని లెక్క."

"మరక అంటే మరకే. చెకింగ్ నాకు నేర్పిస్తాండావా?"

"సరేలేమా. నువ్వు చెప్పిన చోటే చేర్తాను."

అని కిటికీవైపు తిరిగింది. ఎదురు మాట్లాడి ఉంటే నేనూ నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని. మాలూరు పోయింది, బంగారపేట వచ్చింది, కిటికీ మీంచి తల తిప్పలేదు. నా బిడ్డ నా మాట విన్నందుకు నాకు మొదటిసారి భయమేసింది.

ఆదివారం పొద్దున మామ గడప మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు.

"ఏమ్మా, బిడ్డని యాడ చేరుస్తాండావు?"

నేను రెండూ వివరంగా చెప్పాను. మామ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ కొత్తది కట్టి ఎన్నేండ్లయిందంటివి?"

"ఆరేండ్లు మామా. నిన్న కట్టినట్టే ఉండాది."

"ఆరేండ్లా!" అని పెద్దగా నవ్వాడు. "నేను గనిలో చేరిన కొత్తల్లో నాకు దారి తెలీదు. మా గ్యాంగు మేస్త్రీ ఒకటే మాట చెప్పినాడు. రెండు నిచ్చెన్లు కనపడ్తే అరిగిన మెట్లుండేది ఎక్కరా, ధూళి పట్టిన నిచ్చెన జోలికి పోవద్దు అని. అరిగినదంటే దినామూ జనం పొయ్యి వస్తాండారని కదా."

"అరిగిన మెట్టు విరిగితే?"

"విరిగితే సాయంత్రానికి మారుస్తారు. పదిమంది తొక్కేదాన్ని పదిమందీ చూస్తారు. ఎవురూ తొక్కనిది విరిగినా ఎవురికి తెలుస్తాది తల్లీ?"

ఆ మాట దగ్గర నాకు ఆ చీటీ కింద చీటీ గుర్తుకొచ్చింది. నిండిపోతే ఎవరో గుర్తుపెట్టుకుని కొత్తది అంటించారు. నెట్టు తెగితే ఎవరో ముడి వేశారు. కొత్తదాంట్లో నెట్టు కింద ఆరేళ్ళుగా గడ్డి ఒత్తుగా ఉందంటే, అక్కడ ఏ అమ్మాయీ ఎగరలేదు, దూకలేదు. తెల్లటి లాబ్ బల్ల మీద ఎవరూ ఏమీ ఒలకబోసుకోలేదు. ఇది పాప చెప్పలేదు, మామ చెప్పలేదు, నా కళ్ళతో నేను చూసిందే. చూసి, పాస్ చేసేశాను.

నా తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నా టేబుల్ మీదికి వచ్చేవన్నీ ఎవరూ ఇంకా తొడగని చొక్కాలు. తొడిగి, చెమట పట్టి, ఉతికి, గుండీ ఊడితే మళ్ళీ కుట్టించుకున్న చొక్కాను నేను ఏనాడూ చెకింగ్ చేయలేదు. యూనివర్సిటీ తొడుక్కునే చొక్కా. ఎంతమంది తొడుక్కున్నారో చూడాలి, చిరిగితే కుట్టేవాళ్ళు ఉన్నారో లేదో చూడాలి. అది తెలిశాక నాకు అనుమానం మిగల్లేదు. ఎవరినీ ఇంకో మాట అడగలేదు.

పాప పెరట్లో గిన్నెలు తోముతోంది. పోయి ఆ కాగితం దాని ముందు పట్టుకుని, బాణాన్ని గోటితో మెల్లగా పీకాను. కాగితం పొర కొంచెం లేచి వచ్చింది.

"ఏందిమా ఇది?"

"పాసైంది."

మసి చేతులతోనే నన్ను పట్టుకుంది. నా రవిక నిండా మరకలు. "ఇప్పుడు నువ్వే రిజెక్ట్" అంది.

సోమవారం పాత యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం మీద పొర లేచిన చోట వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు. చెకింగ్ అయిన గుర్తని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, అయినా ముద్ర వేశాడు. ఊదారంగు ముద్ర.

తర్వాత పాప పెట్టె మోసుకుంటూ హాస్టల్‌కు పోయాం. అన్నీ వాడి అరిగినవే అని వదిలేసే మనిషిని కాదు నేను. సాంబారు సంగతి వార్డెన్‌కు మొహం మీదే చెప్పాను. గడియ ఊడిన బాత్రూము తలుపు దగ్గరికి పోయి, సరిగ్గా గడియ ఉండాల్సిన చోట ఎర్ర బాణం అంటించాను. పక్కనున్న అమ్మాయిలు నవ్వారు. పాప సిగ్గుతో మొహం తిప్పుకుంది.

వారం తర్వాత ఫోన్ చేసింది. వెనక బంతి చప్పుడు వినపడుతోంది.

"అమ్మా, సాంబారు అట్లనే ఉండాది. గడియ మాత్రం బిగించినారు. ఇంగ బాణం ఎందుకు పీకలేదని అడిగితే, మా రూమ్ అమ్మాయిలు ఉండనీ అంటాండారు. రేపు ఇంకేమన్నా పోతే అంటించేదానికి ఒక షీటు పంపించమంటాండారు."

మరుసటి రోజే రెండు షీట్లు పంపించాను.