భూమి పోయింది, దొరా

పోయిన వారం బడి గంట కొట్టే వేళకు దవాఖాన నుంచి మనిషి వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి, "పంతులూ, మీ బావ ఇక లేడు," అన్నాడు. జ్వరమని చేర్చిన మనిషి. ముందురోజు సాయంత్రం జావలో ఉప్పు లేదని నాతో పేచీ పెట్టుకున్నాడు. సుద్దముక్క చేతిలో పట్టుకునే దవాఖాన దాకా నడిచానట నేను. ఎవరో చెబితే తెలిసింది.

ఆయన మా అక్క భర్త. అక్క పోయాక కూడా నేను ఆ ఇల్లు వదల్లేదు, ఆయన నన్ను పొమ్మనలేదు. ఇద్దరు మగవాళ్లం, ఒక పొయ్యి. అన్నం నా వంతు, పప్పు ఆయన వంతు. ఆ పప్పు ఎప్పుడూ మాడేది. "జర వాసనుంటెనే రుచి," అని దబాయించి తినిపించేవాడు. మెదక్ బజారులో, రామాయంపేట తోవ మొదట్లో, రేకుల కొట్టం కింద మోటార్లు బాగుచేసేవాడు. ఆదివారం చర్చికి కూడా నూనె మరకల చేతులతోనే వచ్చేవాడు. బండి తెచ్చినవాణ్ని ముందు తిట్టి, ఆ తరువాత బండిని చూసేవాడు. ఇది చదివే మీలో ఎవరైనా ఆయన చేత తిట్లు తిని ఉంటే, ఆ తిట్టులో కోపం లేదని మీకు తెలిసే ఉంటుంది.

పాత కార్లలో కరెంటు ఉన్నట్టుండి చచ్చిపోవడం ఆయనకు ఇష్టమైన జబ్బు. ఒక్క దీపం ఆరితే ముఖం చిట్లించేవాడు. అన్నీ కలిసి ఆరితే చేతులు రుద్దుకునేవాడు. "ఒక్కటి ఆరిందంటే దాని బల్బు చూడాలె. అన్ని ఒక్కపారే ఆరినయంటే అన్ని ఖరాబు కాలే, బామ్మర్దీ. అన్నింటికి కలిసిన కాడ ఒక్కటి ఊడింది," అనేవాడు. అలా కలిసే చోట్లలో ఒకటి, బ్యాటరీ నుంచి కారు ఇనుప ఒంటికి పోయే లావు తీగ. కరెంటు తిరిగి వచ్చే తోవ అది. ఇంగ్లీషులో దాన్ని ఎర్త్ అంటారని ఎవరో చెప్పారు. ఎర్త్ అంటే భూమే కదా అని ఈయన దానికి భూమి అనే పేరు పెట్టుకున్నాడు.

అవి రజాకార్ల రోజులు. పల్లెల్లో సంఘం వాళ్లు దొరల భూములు పంచుతున్నారన్న మాట మా ఊరి దాకా వచ్చింది. టేక్మాల్ వైపు దొర ఒకాయన ఆలుబిడ్డలతో, పెట్టెలతో పట్నం బయలుదేరాడు. పొద్దు గూకే వేళ మా బజారులో ఎడ్లబండికి దారి ఇవ్వబోయి నెమ్మదించిన ఆయన కారు అక్కడే చచ్చింది. దీపాలు లేవు, హారన్ లేదు, స్టార్టర్ నొక్కితే చప్పుడు లేదు. డ్రైవరు బల్బు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, బ్యాటరీని తిట్టాడు. జనం మూగారు.

మా బావను పిలిచారు. అలవాటు కొద్దీ డ్రైవరును తిట్టబోయి, దొరను చూసి సగంలో ఆపుకున్నాడు. బ్యాటరీ రెండు కొసలకూ తీగలతో చిన్న బల్బు తగిలించాడు. చటుక్కున వెలిగింది. ఒక తీగను అక్కడే ఉంచి, భూమి తీగ ఉన్న వైపుది తీసి కారు ఇనుముకు ఆనించాడు. వెలగలేదు. నడుం నిటారు చేసి, బజారంతా వినేటట్టు చెప్పాడు.

"బ్యాటరీ మంచిగనే ఉన్నది. భూమి పోయింది, దొరా!"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

"ఏమన్నవ్‌రా?" అన్నాడు దొర.

"భూమి, దొరా. ఎప్పటిసంది వదులైందో, మీరు చూసుకోలే."

దొర చేతికర్ర ఆయన చెవి మీద పడింది. సంఘం మనిషని పోలీసు జవాన్లు ఠాణాకు ఈడ్చుకుపోయారు. ఆ రోజుల్లో ఆ పేరు పడ్డవాళ్లు అందరూ ఇంటికి తిరిగి రాలేదు. నేను వెనక పరుగెత్తాను. అక్క లేదు, ఈయన కూడా లేకపోతే ఇక నాకు ఎవరున్నారన్న ఒక్క ఆలోచనే నాకు.

"కిస్‌నే సిఖాయా? ఎవడు నేర్పిండు ఈ మాట?" అని ఠాణా పెద్ద అమీను గద్దిస్తున్నాడు. అది తీగ పేరని నేను చేతులు జోడించి చెప్పాను. నమ్మలేదు. చివరికి మమ్మల్ని కాపాడింది ఆ కారే. అది బజారు నడుమ అట్లాగే పడి ఉంది, పిల్లలు ఏడుస్తున్నారు, ఊళ్లో ఇంకో మిస్త్రీ లేడు. దొర డ్రైవరు రొప్పుతూ వచ్చి, "ఆయనను పంపుండ్రి సాబ్, దొర పిలుస్తుండు," అన్నాడు.

తెచ్చి కారు ముందు నిలబెట్టారు. "ముందుగాల తప్పయిందను," అన్నాడు దొర. మా బావ చెవి నుంచి నెత్తురు కారుతోంది. నేను వెనక నుంచి అంగీ గుంజాను. "అను బావా, నీ కాళ్లు మొక్కుత."

"తప్పు నాది గాదు దొరా, తీగది," అని ఆయన వంగి, తుప్పు గీకి, బోల్టు బిగించాడు. దీపాలు రెండూ వెలిగి ఎదుటి గోడ మీద పడ్డాయి. దొర ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ చెవి మరి వినలేదు. పెద్దవాళ్ల కార్లు మా కొట్టానికి రావడం మానేశాయి. భూమి అనకుండా ఎర్త్ అంటే నీ సొమ్మేం పోతుందని నేను ఇంట్లో పోరు పెట్టాను. ఆయన మంచి చెవి నా వైపు తిప్పి విని, "ఆ మాట నాకు రాదా? నా ముంగట నిలవడ్డోనికి సమజ్ కావద్దా?" అన్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు నేను.

పోలీసు చర్య అయ్యాక పోకిరీలు "భూమి వచ్చిందా, మిస్త్రీ?" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవాడు కాదు. బండ్లు తగ్గాయి, మాటలు ఇంకా తగ్గాయి. సాయంత్రాలు ఇద్దరం గడప మీద కూర్చునేవాళ్లం, నేను ఆయనకు వినబడే వైపు. ఇప్పుడు ఒక్కణ్నే అయినా ఆ వైపే కూర్చుంటున్నాను. ఇల్లు ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

సమాధుల తోటకు కొద్దిమందే వచ్చారు. పాదిరిగారి ప్రార్థన అయ్యాక వాళ్లూ వెళ్లిపోయారు. నేను బయటికి వచ్చేసరికి తోవ పక్కన ఆ దొర కారు ఉంది. లోపల దొర లేడు. డ్రైవరు ఒక్కడే, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆనాడు బిగించిన బోల్టు మల్ల ఊడలే, పంతులూ," అన్నాడు.

కారులోకి వంగి దీపాలు వేశాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. కళ్లు చికిలించి చూస్తే గాని ఆ వెలుగు తెలియడం లేదు. "చూడు బావా," అంటూ పక్కకు తిరిగాను.