సులైబియా నుంచి గ్రామసభకి

కువైట్‌లో నేను ఒక గ్రీకు ఇంజనీరుకి కారు నడుపుతాను. అబూ హలీఫాలో ఎక్కింది మొదలు సులైబియా గోడౌన్ల దగ్గర దిగేదాకా ఆయన తన ఊరి పరిపాలనని తిడుతూనే ఉంటాడు. కొండ మీద ఊరట. రాళ్ళు, మేకలు, మలుపుల రోడ్డు. సర్కారు ఆ ఊరిని కింద ఉన్న పట్నం మునిసిపాలిటీలో కలిపేసింది. ఊరికి ప్రెసిడెంటంటూ ఒకాయన ఉన్నా, వీధి దీపం మాడిపోతే కొండ దిగి పట్నంలో బతిమాలుకోవాల్సిందే. అయినా ఎన్నికలొస్తే ఈయన విమానమెక్కి వెళ్ళి, ఓటేసి, మర్నాడే తిరిగొచ్చేస్తాడు.

అది వింటే నాకు ఒళ్ళు మండేది. మాదీ అలాంటి ఊరే మరి. గోదావరి మధ్య లంక. పంచాయతీ ఆఫీసు, రేషన్ షాపు, ఆసుపత్రి, అన్నీ ఏటిగట్టు అవతలే. ఏ చిన్న కాగితం కావాలన్నా పడవెక్కాలి. మా వార్డు మెంబరు మాట గట్టు మీద చెల్లని కాసు. వంతెన వెయ్యండి బాబూ అని అడిగి అడిగి నోళ్ళు పడిపోయాయి. చివరికి అధికారులు పంపిన కబురేమిటి? లంక కోతకు గురవుతోంది, గట్టు మీద ఇళ్ళ స్థలాలిస్తాం, అందరూ లేచి వచ్చేయండి అని. సరేనంటారో కాదంటారో గ్రామసభలో చేతులెత్తి చెప్పాలి.

లేచిపోతే ఇక ఊరేముంటుంది? మా వార్డు పోతుంది, ఊరి పేరు పోతుంది. నేను ఇన్నేళ్ళు ఈ ఎండలో కారు నడిపి వేయించుకున్న స్లాబిల్లు ఏటి పాలవుతుంది. సభకి వెళ్ళొస్తానని సెలవడిగితే, నాకు వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడ కఫీల్ అంటారు, వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

సభ రోజున గోడౌను బయట కారాపి, సభలో కూర్చున్న మా ఆవిడకి వీడియో కాల్ చేశాను. ఫోను పైకెత్తి పట్టుకోమన్నాను.

"సర్పంచి గారూ! కువైట్ నుంచి మాట్టాడుతున్నానండి. మేం రామండి!" అని అరిచాను.

"ఫోనులో చెబితే లెక్కలోకి రాదండి. ఇక్కడున్నవాళ్ళే చెయ్యెత్తాలి," అన్నాడు పంచాయతీ కార్యదర్శి.

సభలో ఎవరో నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమే, వెళ్దామనేవాళ్ళతో కలిసి నువ్వు చెయ్యెత్తకు!" అన్నాను. ఫోను ఆమె సంచిలోకి వెళ్ళిపోయినట్టుంది, తెర నల్లబడింది. జనం గోల తప్ప ఒక్క ముక్క తెలియలేదు.

కాసేపటికి ఆమే ఫోను చేసింది.

"ఎల్లిపోదామని తేల్చేశారండి."

"ఎవరెత్తారే చేతులు? పేర్లు చెప్పు, ఒక్కొక్కడినీ కడిగేత్తాను!"

"ఒక్కొక్కడేటండి, మన లంకలో మొగోళ్ళెవరున్నారు, అందరూ మీలాగా గల్ఫులోనేగా? ఆడోళ్ళమే ఎత్తాం. ముందెత్తింది నేనే."

ఆ తరవాత నేనన్న మాటలు రాయదగ్గవి కావు. ఇంజనీరు గోడౌన్లోంచి బయటికొచ్చి, కారు పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆమె మాత్రం మధ్యలో అడ్డు రాకుండా అన్నీ వింది.

"అయిపోయిందాండి?" అంది. "మొన్న వరదకి చంటిదాన్నెత్తుకుని మీ స్లాబు మీదెక్కి పడవ కోసం అరిశాను. మీరు ఫోన్లో భయపడకన్నారు. మళ్ళీ గోదారొచ్చినా మీరక్కడే ఉంటారు. స్లాబెక్కి అరవాల్సింది నేనేనండి."