నింద మోసిన బీట్‌రూట్

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్త. చేవెళ్ల దగ్గర మాకు కూరగాయల చేను ఉంది. మా కంపెనీ ఉద్యోగుల తల్లిదండ్రులకు ఉచితంగా హెల్త్ చెకప్ చేయిస్తామంటే, "నాకేం రోగం బిడ్డా" అని గునుస్తున్న బాపును క్యాబ్ ఎక్కించాను. అమ్మ కూడా తోడొచ్చింది.

మూత్రం రంగు ఎలా ఉంటుందని డాక్టరు బాపును అడిగారు.

"నడుమ నడుమ ఎర్రగ వస్తది సార్. నొప్పి గిప్పి ఏం లేదు. మాది బీట్‌రూట్ చేను, దినాం తింటం. గందుకే" అన్నాడు బాపు ధీమాగా. బీట్‌రూట్ తింటే అలా అవుతుందని ఎక్కడో చదివిన నేను కూడా తలూపాను.

ఆ సంగతి అమ్మ వినడం అదే మొదటిసారి. "బీట్‌రూట్ పీకి మూన్నెల్లాయె సారూ. గిప్పుడు చేన్ల ఉన్నది చామంతి. ఈయన చామంతులు తింటుండా, జర అడుగుండ్రి" అంది.

డాక్టరు నవ్వబోయి ఆగి, వెంటనే స్కానింగ్ రాశారు. ఎడమ కిడ్నీలో గడ్డ కనిపించింది. అది క్యాన్సర్ అన్నారు. ఇంకా ఎక్కడికీ పాకలేదని, ఆ కిడ్నీ తీసేసినా రెండోది సరిపోతుందని ఆయన చెప్పారు. ఆపరేషన్ అయ్యాక బాపు మళ్లీ చేనుకు వెళ్తున్నాడు.

రోజంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. బాపు మాటలో తప్పు పట్టింది మాత్రం అమ్మ.

ఇప్పుడు బీట్‌రూట్ వండిన రోజు ఆమె క్యాలెండర్ మీద సున్నా చుడుతుంది. సున్నా లేని రోజు బీట్‌రూట్ పేరెత్తే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు.