మొదటి వాయి

అత్తయ్య పోయిందన్న కబురు నాకు మస్కట్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో చల్లారిన ఇడ్లీ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. బాపట్ల నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "పొద్దున పిండి కలుపుతూ కూలబడిందంటరా. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నువ్వు రాగలవా?" అన్నాడు. వస్తానన్నాను. కొత్త ఉద్యోగం కావడంతో సెలవు దొరకలేదు. పదకొండో రోజుకు కూడా అందుకోలేకపోయాను. ఆవిడ విషయంలో నేను వేళకు చేసిన పని ఒక్కటీ లేదు, ఇదీ అంతే.

మీలో ఎవరైనా పొద్దున్నే రేపల్లె రైలు దిగి తెనాలి స్టేషన్ బయటికి వచ్చి ఉంటే ఆవిడ చేతి ఇడ్లీ తినే ఉంటారు. నాలుగు బల్లలు, రేకుల కప్పు, బోర్డు కూడా లేని హోటల్. మా నాన్నకు ఆఖరి చెల్లెలు. పిల్లలు లేరు. మామయ్య రేపల్లె మనిషి. ఆయన పోయాక అటువైపు వాళ్ళు వచ్చి తమ దగ్గర ఉండమన్నా వెళ్ళలేదు. "పొయ్యి ఆరితే నేనూ ఆరిపోతానర్రా" అందట. వేసవి సెలవులకు మమ్మల్ని బాపట్ల నుంచి ఆ హోటల్‌కే పంపేవారు. బతుకు పాఠాలన్నీ అక్కడే నేర్చుకున్నానని రాస్తే బాగుంటుంది. నేర్చుకోలేదు, తిన్నాను.

ఆ హోటల్లో ఒక పద్ధతి ఉండేది. మొదటి వాయి ఇడ్లీలు అమ్మేది కాదు. తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరు ముందుంటే వాళ్ళకు ఆకులో పెట్టి ఊరికే ఇచ్చేది. నిజాంపట్నం చేపలు గంపలకెత్తుకుని మొదటి రైలుకు వచ్చే ఆడవాళ్ళకే ఎక్కువసార్లు దక్కేవి. ఒకసారి తాగింది ఇంకా దిగని మనిషొకడు నిలబడి ఉంటే వాడికీ పెట్టింది. నేను మొహం చిట్లించాను.

"ముందొచ్చినవాణ్ణి ఎవరు నువ్వని అడక్కూడదురా. ఆకలేస్తేనే కదా ముందొచ్చాడు" అంది.

ఇంకొకటి, చట్నీ రుచి చూడటం. గరిటెతో ఒక చుక్క అరచేతి గుంటలో వేసుకుని చూసేది. పక్కన నేనుంటే నా చెయ్యి కూడా చాపించేది. "ఉప్పు చూసి చెప్పు అల్లుడూ" అనేది. అప్పుడు నాకు ఏడేళ్ళు. నేను తక్కువైందంటే వెంటనే వేసేది, మళ్ళీ తను చూసేది కాదు. అంత నమ్మకం ఆ తర్వాత ఎవరూ నా మీద పెట్టుకోలేదు. పెట్టుకోకపోవడమే మంచిదైంది.

మస్కట్‌లో పదేళ్ళు ఒకరి కింద పనిచేశాక నాకు సొంత వ్యాపారం పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఒక టిఫిన్ల కంపెనీ విదేశాల్లో ఫ్రాంచైజీలు ఇస్తోందని తెలిసి, వెంటపడి తెచ్చుకున్నాను. పేరు రాయను, రాసినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. బోర్డు వాళ్ళది, గోడల రంగు వాళ్ళది, సాంబారు పొడి వాళ్ళది. చట్నీ కూడా వాళ్ళు పంపే పొడిలో నీళ్ళు కలిపి చేసేదే. ఇడ్లీ బరువు, గరిటె కొలత, వచ్చినవాళ్ళను చూసి ఎంతసేపు నవ్వాలో కూడా ఒక లావుపాటి పుస్తకంలో రాసిచ్చారు.

గొప్పగా అత్తయ్యకు ఫోన్లో చెప్పాను. అంతా విని, "మరి అందులో నీదేంట్రా?" అంది. పాతకాలం మనిషి, ఆవిడకేం తెలుసులే అని నవ్వుకున్నాను.

దుకాణం తెరవడానికి వారం ముందు ఇండియా నుంచి రావాల్సిన వంటవాళ్ళిద్దరి వీసాలు ఆగిపోయాయి. ఒప్పుకున్న రోజుకు తెరవకపోతే ఫ్రాంచైజీ పోతుంది. ప్రారంభోత్సవం చూద్దువుగాని రమ్మని అత్తయ్యను పిలిచాను. చూడటానికి కాదని ఇద్దరికీ తెలుసు. అరవై దాటిన మనిషి హోటల్ మూసి, చిన్న రోలు సంచిలో పెట్టుకోనిస్తారా అని అడిగి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి వచ్చింది.

మాల్ మొత్తం ఏసీ. పిండి పొంగలేదు. "ఈ చలికి పిండి కాదురా, నేనే పొంగను" అని, గిన్నెకు దుప్పటి చుట్టి ఫ్రిజ్ వెనక వేడి తగిలేచోట పెట్టింది. మర్నాటికి మూత ఎత్తేలా పొంగింది. కంపెనీ చట్నీ అరచేతిలో వేసుకుని చూసి, "ఇది సున్నం" అని పారబోసింది. నా చేత కొబ్బరికాయలు తెప్పించి తనే నూరింది. చెప్పిన రోజుకు దుకాణం తెరిచాం. మొదటి వాయి మాల్ ఊడ్చే మనిషికి పెట్టింది. మధ్యాహ్నానికల్లా జనం వరస కట్టారు.

నాలుగో రోజు కంపెనీ తనిఖీ మనిషి ముందుగా చెప్పకుండా హైదరాబాదు నుంచి దిగాడు. నేరుగా వంటగదిలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్య అరచేతిలో చట్నీ చుక్క వేసుకుని నాకుతోంది. తలకు టోపీ లేదు, చేతికి తొడుగు లేదు. చుట్టపుచూపు వీసా మీద వచ్చిన మనిషి అక్కడ పని చేయకూడదు కూడా.

"ఎవరండీ ఈవిడ? మీరిచ్చిన లిస్టులో లేరే?" అన్నాడు.

"ఎవరో అండి. గిన్నెలు కడగడానికి ఇవాళ్టికి పిలిచాం" అన్నాను.

తెలుగులోనే అన్నాను. ఇంగ్లీషులో అని ఆవిడకు అర్థం కాకుండా చేసే పాటి ఇంగితం కూడా లేకపోయింది.

అత్తయ్య నా వంక చూడలేదు. గరిటె పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, సింకు దగ్గరకు వెళ్ళి గిన్నెలు కడగటం మొదలుపెట్టింది. నా అబద్ధాన్ని నిజం చేసిపెట్టింది. ఆ మనిషి కాఫీ తాగి, కాగితాల మీద టిక్కులు పెట్టుకుని వెళ్ళేదాకా గంటసేపు, కడిగిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ కడిగింది.

"వెళ్ళాడా?" అంది తర్వాత చేతులు తుడుచుకుంటూ. "చట్నీలో ఉప్పు చాల్లేదు, చూసుకో."

వారం తిరక్కుండా తెనాలి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో కూడా ఆ మాట ఎత్తలేదు. చెంప పగలగొట్టి ఉంటే ఈపాటికి నేను మర్చిపోయి ఉండేవాణ్ణి.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళుంటారు. నేను దాటకముందే తగలేశాను. రెండేళ్ళు తిరిగేసరికి కంపెనీ అదే మాల్‌లో ఇంకొకరికి పెద్ద దుకాణం ఇచ్చి, నాతో ఒప్పందం రద్దు చేసుకుంది. బోర్డు, బల్లలు, ఆ లావుపాటి పుస్తకం కూడా పట్టుకుపోయారు. గోడకు మేకులు మిగిలాయి. అందులో నాదేంటో అప్పుడు తెలిసింది.

తర్వాత కూడా అత్తయ్య ఫోన్లో "తిన్నావా?" అనే అడిగేది. తప్పయిపోయింది అత్తయ్యా అనే మాట నోటిదాకా వచ్చి ఆగేది. ఫోన్లో అనే మాట కాదులే, ఎదురుగా కూర్చుని అందాం అనుకున్నాను. రెండుసార్లు బాపట్ల వచ్చాను. మొదటిసారి తెనాలి వైపే చూడలేదు. రెండోసారి పొన్నూరు దాకా వచ్చి, బస్టాండులో టీ తాగి, వెనక్కి వెళ్ళే బస్సెక్కాను. నాకు సిగ్గేసింది, అంతకు మించి కారణం లేదు. ఆవిడ మాత్రం నా కోసం ఎదురుచూసిందని అన్నయ్య ఇప్పుడు చెబుతున్నాడు. పిరికివాడికి చుట్టాలుండకూడదు.

పెద్దకర్మ రేపల్లెలో మామయ్య వైపువాళ్ళు చేశారు. మర్నాడు పొద్దున నేను తెనాలిలో దిగాను. హోటల్ తలుపులు ఇంకా తీయలేదు, లోపల ఆవిరి వాసన. మూడేళ్ళుగా అత్తయ్య దగ్గర పనిచేస్తున్న ఆవిడ ఇవాళ్టి నుంచి మళ్ళీ నడుపుతుందని అన్నయ్య చెప్పాడు. ఆవిడ నన్ను ఎన్నడూ చూడలేదు, నేను వస్తేగా చూడటానికి. గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి రేపల్లె రైలు వచ్చింది, చేపల గంపతో ఒక ముసలమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

తలుపు తెరుచుకుంది. "ముందు మీరేనాండీ వచ్చింది? కూర్చోండి" అంటూ ఆవిడ ఆకులో నాలుగు ఇడ్లీలు పెట్టింది. "దీనికి డబ్బులు తీసుకోమండి. పెద్దమ్మగారు పెట్టిన పద్ధతి."

గంప దించుకుంటూ ముసలమ్మ అడిగింది. "ఎవరే ఆయన? పెద్దమ్మ తాలూకానా?"

"ఎవరోనమ్మా. ముందొచ్చారు."

మేనల్లుణ్ణని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ చట్నీ గిన్నె పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"కాస్త చెయ్యి చాపండి. ఆవిడ లేకుండా ఇదే మొదటిసారండీ చెయ్యటం. ఉప్పు సరిపోయిందో లేదో చెబుదురుగాని."

అరచెయ్యి చాపాను. గుంటలో ఒక చుక్క వేసింది.

"తక్కువైందమ్మా" అన్నాను.

ఆవిడ నేనెవరో అడగలేదు, తనూ రుచి చూడలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు వేసి కలిపి, మళ్ళీ వచ్చి, ఇంకా చాపే ఉన్న నా అరచేతిలో ఇంకో చుక్క వేసింది.