తూర్పు సరస్సు అవతలి ఒడ్డున అన్నయ్య

మొన్న చలికాలంలో ఒకరోజు బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో డ్యూటీ దిగి క్వార్టరుకి వచ్చేసరికి అమ్మ చేతిలో చైనా తపాలా బిళ్ల అంటించిన ఉత్తరం ఉంది. మా అన్నయ్య అప్పన్న పదిహేనేళ్ల కిందట ఇక్కడ పని కుదరక రంగూన్ వెళ్లి రేవులో చేరాడు. అక్కడ పళ్లు పీకే ఒక చైనా వైద్యుడి కూతుర్ని పెళ్లాడాడు. ఆవిడ పేరు మేయ్‌లాన్, అన్నయ్య మేలమ్మ అనేవాడట. రంగూన్‌లో గొడవలు లేచినప్పుడు పెళ్లాన్నీ పసిబిడ్డనీ తీసుకుని ఆవిడ సొంతూరు వుచాంగ్ వెళ్లిపోయాడు. రెండేళ్ల కిందట అక్కడే జ్వరంతో పోయాడు. ఈ ఉత్తరం వదిన ఎవరిచేతనో ఇంగ్లీషులో రాయించింది. పక్క క్వార్టరు గార్డు గారు చదివి, "అచ్ఛా, ఉన్నది ఒక్క ముక్కే. మీది మా కాడున్నాది, ఏప్రిల్ అయిదు పండగ నాటికి వొచ్చి తీసుకెల్లండి అంటన్నాది," అన్నారు.

"పాపని ఇచ్చేస్తానంటన్నాదిరా. ఎల్లి తెచ్చీ," అంది అమ్మ. పాపకి తొమ్మిదేళ్లు. అన్నయ్య దానికి అమ్మ పేరే, నూకాలు అని పెట్టాడు. ఆ వారంలోనే అమ్మ రెండు పరికిణీలు కుట్టించింది. నేను మూడు నెలలు సెలవు పెట్టాను.

అటు వెళ్లే ఆలోచన ఉన్నవారి కోసం దారి చెబుతాను. హౌరా దాకా రైల్వే పాస్ ఉంది. కలకత్తా నుంచి ఓడలో డెక్ టిక్కెట్టు మీద, పినాంగ్, సింగపూర్‌లలో ఆగుతూ, హాంకాంగ్ చేరడానికి దగ్గర దగ్గర మూడు వారాలు పట్టింది. అక్కడి నుంచి కాంటన్‌కి రైలు మూడు గంటలు. కాంటన్‌లో దిగే స్టేషను వేరు, వుచాంగ్ బండి ఎక్కే స్టేషను వేరు. ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి రిక్షాలో దాటాలి గనుక ఒక పూట చేతిలో ఉంచుకోవాలి. వుచాంగ్ లైను కిందటేడే పూర్తిగా తెరిచారు. పట్టాల మధ్య ఎడం మనకంటే జానెడు తక్కువ, అయినా బండి కుదుపు లేకుండా నడిచింది. మూడో తరగతి బల్ల మీద రెండు రాత్రులు కూర్చుని, తెల్లవారి ఆరింటికి వుచాంగ్‌లో దిగాను.

స్టేషను బయట రిక్షా అతనికి చిరునామా చీటీ చూపిస్తే, "తుంగ్ హు," అని తూర్పుకి చెయ్యి చాచాడు. తూర్పు సరస్సు అని దాని అర్థం. బేరం వేళ్లతోనే సాగింది. అతను నాలుగు చూపిస్తే నేను రెండు చూపించాను, మూడు దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. గంటలోపే నీళ్లు కనబడ్డాయి. ఊరి అంచునే అంత నీరు ఉంటుందని నేననుకోలేదు. మా బిలాస్‌పూర్ పక్కన రతన్‌పూర్ చెరువులన్నీ తెచ్చి ఒకచోట పోసినా ఇందులో ఒక మూలకి రావు. ఒక గట్టు మీద కొత్తగా కట్టిన యూనివర్సిటీ పచ్చ పెంకుల కప్పులు మెరుస్తున్నాయి. అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయింది.

వదిన ఇల్లు నీటి పక్కనే. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఇంత ఆలీసమైపోనాది? రైలు తప్పిపోనాదేటి?" అంది. రంగూన్ రేవులో మనవాళ్ల మధ్య పెరిగిన మాట అది. నాలుగు వారాల తరవాత నా చెవిన పడ్డ తొలి తెలుగు మాట అదే. ఆవిడ వెనక నుంచి నూకాలు తొంగిచూసింది. కళ్లు తల్లివి, గడ్డం మా అన్నయ్యది.

అన్నంలోకి వదిన చేపముక్కలూ తామర దుంపా వేసి కాచిన పులుసు పెట్టింది. మన బిలాస్‌పూర్ బజారులో ఢేంస్ అని అమ్మే దుంపే అది, కాకపోతే ఇక్కడ వెన్నలా ఉడికింది. తింటూనే సంచిలోంచి పరికిణీలు తీసి పాపకి ఇచ్చాను.

"నానమ్మ కుట్టించింది. బండిలో తొడుక్కుందువుగాని," అన్నాను.

"ఏ బండిలో?" అంది వదిన.

"నానూ పాపా ఎల్లే బండిలో."

వదిన గరిటె కింద పెట్టింది. "పాపనెందుకు తీసుకెల్తావు?"

"నువ్వే గదా రాయించినావు, వొచ్చి తీసుకెల్లమని."

"పాపని కాదు బాబూ, మీ అన్నని," అంది వదిన. నెమ్మదిగా విడమరిచి చెప్పింది. "పరాయి నేలలో పాతిన మనిసికి నిద్దరుండదని మావోల్లంటారు. ఎముకలు సొంతూరు సేరాల. ఆయన నాకోసం ఇంతదూరం వొచ్చినాడు. తిరిగి అత్తమ్మకి అప్పసెప్పీడం నా పని. ఈ రోజు మాకు సమాధుల పండగ. అందుకే ఈ నాటికి రమ్మన్నాను. కుండ కూడా కొనుంచినాను."

నూకాలు పరికిణీలు నా వైపు తోసేసి తల్లి వీపు వెనక్కి పోయింది. తల్లి దగ్గర్నించి బిడ్డని పట్టుకుపోవడానికి వచ్చినవాణ్ణని ఆ పిల్లకి అర్థమైంది. పరికిణీలు మళ్లీ సంచిలో పెట్టేశాను.

పది గంటలకి పొరుగువాళ్ల పడవ అడిగి తీసుకుని అవతలి ఒడ్డుకి బయలుదేరాం. వదిన తెడ్డు వేసింది. పాప ముందువైపు, నాకు వీపు పెట్టి కూర్చుంది. చుట్టూ ఇంకా చాలా పడవలు అటే పోతున్నాయి, అన్నింట్లోనూ అగరొత్తులు, సమాధుల దగ్గర కాల్చే కాగితాల కట్టలు, పిల్లలు. ఎవరూ ఏడవడం లేదు, చుట్టాలింటికి పోతున్నట్టు ఉన్నారు. నీళ్లు నిలకడగా ఉన్నాయి. మా పడవలో మాత్రం కుండ, పార ఉన్నాయి.

గంటన్నరకి మోషాన్ అనే కొండ పాదం చేరాం. చెట్ల కింద చిన్న మట్టిదిబ్బ, అదే అన్నయ్య. కాల్చకుండా పాతారని ముందే తెలుసు, అయినా దిబ్బని చేత్తో ఒకసారి తడిమి చూశాను. వదిన పార నా చేతికిచ్చి, "మొదటి దెబ్బ రగతం పంచుకున్నోడే వెయ్యాల," అంది.

నూకాలు ఇదేమీ పట్టనట్టు దిబ్బ మీది గడ్డి పీకింది, రాలిన ఆకులు ఊడ్చింది, గుడ్డూ అన్నమూ పెట్టింది. "నాన్నా, సిన్నాన్న వొచ్చినాడు," అని చెప్పింది. తరవాత మొదటిసారి నా వైపు తిరిగింది.

"నాన్న ఎలిపోతే, వొచ్చే ఏడు ఈ రోజున మేం ఎవురికాడికి ఎల్లాల?"

మనవరాలు వస్తుందని అమ్మ అక్కడ చూస్తూ ఉంటుంది. అన్నయ్య ఎముకలు కూడా లేకుండా ఖాళీ చేతులతో దిగితే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నాకు కనబడుతూనే ఉంది. అయినా పార కింద పెట్టేశాను.

"ఒదినా, ఈయనకి నిద్దర పట్టనేదని నీకెవురు సెప్పినారు?" అన్నాను. "షెడ్ పక్కన రాత్రంతా ఇంజన్లు కూస్తన్నా లేచీవోడు కాదు. ఇంత సల్లని సోట పట్టకపోడమేటి?"

వదిన నవ్వింది. నవ్వుతూనే ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. రెండేళ్లుగా దాచుకున్న ఏడుపు అనుకుంటాను. తేరుకున్నాక, "అత్తమ్మకేటి సెప్తావు?" అని అడిగింది.

"ఉన్నది సెప్తాను."

తిరుగుదారిలో గాలి లేచింది. అలలు పడవ పక్కల్ని కొట్టడం మొదలయ్యాక నేనూ ఒక తెడ్డు అందుకున్నాను. నూకాలు కాసేపు చూసి, "అలక్కాదు సిన్నాన్నా, నీటిని నరకకూడదు," అని వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పెట్టి చూపించింది. ఒడ్డు చేరేసరికి నాలుగైంది. ఇంకో నాలుగు రోజులుండి బయలుదేరాను.

బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద అమ్మ నన్ను కాదు, నా వెనక రైలు పెట్టె తలుపు వైపే చూసింది. ఇంటికొచ్చి అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, "ఆ కొండకాడ నీడుందా?" అంది. సరుగుడు లాటి చెట్లున్నాయి, ఎదురుగా నీరు అన్నాను. "పిల్ల ఏటా ఎల్తాదా?" ఎల్తాది అన్నాను. "అయితే ఉండనీ," అని ఇంకో గరిటె పులుసు వేసింది. మనిషి ఎక్కడివాడో వాడి ఊరు చెబుతుందని నేను అనుకునేవాణ్ణి. ఏడాదికోసారి గడ్డి పీకడానికి వచ్చేవాళ్లు కూడా చెబుతారని ఆ ఒడ్డున తెలిసింది.

వెళ్లేవారికి ఒక్క సలహా. తుంగ్ హు దాటాలంటే పొద్దున ఎనిమిదింటికే పడవ ఎక్కండి. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, నీటి అలవాటు లేనివారికి కష్టం. మేము ఆలస్యంగా బయలుదేరాం గనుక ఈ మాట చెబుతున్నాను.