దోయి విత్తిన డోసీ

అబోమే ఊరి ఎర్రమట్టిలో బంబారా కాయ, దోయి అనే పప్పుగింజ పక్కపక్కనే పండుతాయి. రెండూ వేరుశనగలా నేల మీద పూసి, నేల లోపల కాస్తాయి, చూస్తే అక్కచెల్లెళ్లే. బంబారా కాడలు నిటారుగా లేస్తాయి, గింజ గోలీ అంత ఉంటుంది. దోయి మట్టిని కరుచుకుని పాకుతుంది. గింజ చిన్నదే గానీ, రుచిలో దాని ముందు బంబారా దిగదుడుపు.

ఆ ఊరి రైతు అగోసు ఇంట్లో బంబారా ఆడవాళ్లది, దోయి మగవాళ్లది. ఆడది దోయి విత్తితే ఇంట్లో మగవాడు పోతాడట! కలుపు తీయడం, తెగి మట్టిలో ఉండిపోయిన కాయల్ని గోళ్లతో వెతికి ఏరడం, ఒలవడం మాత్రం ఆడవాళ్లే చేయాలి. వాటివల్ల ఏ మగవాడి ప్రాణమూ పోదు.

డోసీ ఆ ఇంటి చిన్న కోడలు. భర్త కోకుకు నడుము పడిపోయాక వాళ్ల దోయి చేను ఆమే విత్తింది. కోతల వేళకు కోకు జ్వరంతో పోయాడు. దినాలైనా కాకముందే బావగారు అగోసు పెద్దల్ని పిలిపించాడు.

"నా తమ్ముణ్ణి మింగింది ఇదే. దోయి విత్తింది. చేను వదిలి పొమ్మనండి."

డోసీకి ఒళ్లు మండిపోయింది.

"నేనా మింగింది? ఆస్పత్రికి తీసుకెళ్దాం, బండియ్యి బావా అని నీ కాళ్లు పట్టుకున్నాను. సంతకెళ్లాలన్నావు. అప్పుడు తమ్ముడు గుర్తురాలేదా?"

"మాట మార్చకు. విత్తావా, లేదా?"

"విత్తాను. మరి నీ చేనెవరు విత్తారు? నువ్వు సారా తాగి పడుంటే ఏటేటా మా అక్క విత్తలేదూ? నువ్వు గుండ్రాయిలా ఉన్నావే!"

అందరూ అగోసు భార్య అక్పేజే వైపు తిరిగారు. ఆమె చేతిలో తట్ట కింద పెట్టింది.

"నేనే విత్తాను."

"నోర్ముయ్!" అన్నాడు అగోసు.

"మూస్తాలే. ఇకనుంచి నువ్వే విత్తుకో. ఏరుకో కూడా."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. డోసీ తప్పేమీ లేదన్నాడు. చేను మాత్రం వంశానిది, అగోసుకే చెందుతుందన్నాడు.

"తప్పు లేదంటూనే లాక్కుంటారా పెద్దయ్యా?"



డోసీ దోయి విత్తనం కొంగున కట్టుకుని అన్న ఊరికి వెళ్లిపోయింది. అన్న సెవాను తన బీడులో ఒక చెక్క ఇచ్చాడు. అక్కడా ఆడదే దోయి విత్తిందని ఊళ్లో గుసగుసలు మొదలైతే, "నేను పోతే కదా మీ ఏడుపు! అప్పుడు ఏడవండి," అని కసిరాడు.

పంట చేతికొచ్చాక డోసీ మొదటి కుండ ఉడికించి, ఎర్రటి పామాయిల్ పోసుకుని, వాకిట్లో పీట వేసుకు కూర్చుంది. దారిన పోతున్న ముసలాయన ఒకడు ఆగి, "మొగుణ్ణి తిన్నది చాలలేదు," అని గొణిగాడు. డోసీ పీటను వీధి వైపుకి ఇంకాస్త జరుపుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా అతని వంకే చూస్తూ తిన్నది.